ప్రెకి: ఇండోర్ సాకర్ ఆటగాడు, కోచ్

ప్రెకి పేరుతో ప్రసిద్ధుడైన ప్రెద్రాగ్ రాదోసావ్లెవిచ్ (జననం: 1963 జూన్ 24, బెల్‌గ్రేడ్) యుగోస్లావియాలో పుట్టి అమెరికా జాతీయ జట్టుకు ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ తర్వాత కోచ్. అమెరికాలో ఇండోర్ సాకర్ వైభవంగా సాగిన రోజుల్లో, 1989లో, అక్కడి ప్రధాన ఇండోర్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. బయటి మైదానాల మీద ఆడే మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్) మొదలయ్యాక 1997లోనూ 2003లోనూ అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచాడు. ఆ లీగ్‌లో దాన్ని రెండుసార్లు అందుకున్న తొలి ఆటగాడు అతనే. రెండోసారి అందుకునేనాటికి అతనికి 40 ఏళ్లు. 2007లో అదే లీగ్ అతన్ని ఉత్తమ కోచ్‌గా ఎంపిక చేసింది. ఎంఎల్ఎస్‌లో ఆటగాడిగా ఒకటీ, కోచ్‌గా ఒకటీ, ఈ రెండు అవార్డులూ గెలిచిన మొదటి వ్యక్తి కూడా అతనే.

ఇండోర్ సాకర్‌ను అసలు ఫుట్‌బాల్‌గా లెక్కవేయని వాళ్లు చాలామంది. గోడలకు కొట్టి ఆడేది వినోదమే తప్ప ఆట కాదన్న చిన్నచూపు యూరప్‌లో ఎక్కువగా ఉండేది, అమెరికాలోనూ లేకపోలేదు. ప్రెకి క్రీడాజీవితంలో మొదటి భాగమంతా ఆ గోడల మధ్యే గడిచింది. 30 దాటాక పెద్ద మైదానంలో అతను చూపించిన పనితనంలో చాలా భాగం అక్కడ నేర్చుకున్నదే. కాబట్టి అతని గురించి చెప్పాలంటే ముందు ఆ ఆట గురించి చెప్పుకోవాలి.

నాలుగు గోడల ఆట

ఉత్తర అమెరికా ఇండోర్ సాకర్ ఐస్ హాకీ రింక్ కొలతల్లో పుట్టింది. పొడవు సుమారు 61 మీటర్లు, వెడల్పు సుమారు 26 మీటర్లు. మంచు మీద కృత్రిమ గడ్డి పరిచేవారు. చుట్టూ హాకీ బోర్డులు, వాటి పైన అద్దంలాంటి ప్లాస్టిక్ పలకలు అలాగే ఉండేవి. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు, 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఆట సాగుతుండగానే ఆటగాళ్లు బెంచీ నుంచి దిగుతూ ఎక్కుతూ ఉంటారు. తప్పు పెద్దదైతే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి. ఇవన్నీ హాకీ నుంచి తెచ్చుకున్న పద్ధతులే.

బంతి పక్క గీత దాటడమన్నది దాదాపు ఉండదు. గోడకు తగిలి తిరిగి ఆటలోకి వచ్చేస్తుంది. క్యారమ్‌లో అంచుకు కొట్టి కాయిన్‌ను పాకెట్‌లోకి పంపినట్టు, ఇక్కడ ఎదుటివాడిని దాటించడానికి గోడే ఒక పాస్. ఏ కోణంలో కొడితే ఎటు వస్తుందో కాలికి ముందే తెలిసి ఉండాలి. మన దగ్గర ఇప్పుడు పేరు వినిపిస్తున్న ఫుట్సల్ ఇది కాదు. ఫుట్సల్‌కు గోడలుండవు, బంతి తక్కువగా ఎగురుతుంది, జట్టుకు ఐదుగురే.

ఈ ఆటకు అమెరికాలో అంత గిరాకీ రావడానికి ఓ కారణముంది. పేలే ఆడి వెళ్లిన నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 1984 సీజన్‌తో మూతపడింది. 1996లో ఎంఎల్ఎస్ మొదలయ్యేదాకా ఆ దేశంలో జాతీయస్థాయి అగ్రశ్రేణి బయటి లీగ్ లేదు. ఆ ఖాళీలో ఫుట్‌బాల్‌తో మంచి జీతం సంపాదించాలంటే దారి ఇండోరే. 1978లో మొదలై 1992 దాకా నడిచిన మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ (ఎంఐఎస్ఎల్) ఆ తరానికి అన్నం పెట్టింది. ఆ లీగ్‌లో అందరికన్నా ముందు వెలిగినవాడు హైదుక్ స్ప్లిట్ నుంచి వచ్చిన యుగోస్లావ్ స్టీవ్ జుంగుల్. ఆ ఒక్క లీగ్‌లోనే 652 గోల్స్ కొట్టాడు. అతని వెనకే బాల్టిమోర్‌కు స్టాన్ స్టామెన్‌కోవిచ్, క్లీవ్‌లాండ్‌కు జొరాన్ కారిచ్ వచ్చారు. యుగోస్లావియా కుర్రాళ్లకు ఈ ఆట ఎందుకంత తేలిగ్గా వంటబట్టిందో ఊహించడం కష్టం కాదు. అక్కడ సిమెంటు హ్యాండ్‌బాల్ కోర్టుల మీద చిన్న జట్లతో ఆడే ఆట వీధివీధినా ఉండేది. శీతాకాలం వస్తే అదే ఆట హాళ్లలోకి మారేది.

బెల్‌గ్రేడ్ నుంచి టకోమాకు

ప్రెకి బెల్‌గ్రేడ్‌లోని పెద్ద క్లబ్ రెడ్ స్టార్‌లో పెరిగాడు. అయితే అక్కడి మొదటి జట్టులో అతనికి స్థిరమైన చోటు దొరకలేదు. 1985లో యుగోస్లావియాలో ఒక ఇండోర్ టోర్నీ చూస్తున్న బాబ్ మెక్‌నాబ్ కంట అతను పడ్డాడు. మెక్‌నాబ్ 1971లో ఇంగ్లండ్ లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచిన ఆర్సెనల్ జట్టులో లెఫ్ట్ బ్యాక్. అప్పటికి అమెరికా వాయవ్య తీరంలోని టకోమా స్టార్స్ జట్టుకు పనిచేస్తున్నాడు. అలా 22 ఏళ్లకు ప్రెకి వాషింగ్టన్ రాష్ట్రానికి చేరాడు.

టకోమా డోమ్ పెద్ద చెక్క కప్పుతో కట్టిన హాలు. 1987 జూన్ 20న ఎంఐఎస్ఎల్ ఫైనల్ సిరీస్‌లో ఏడో మ్యాచ్ అక్కడే జరిగింది. ఇటు టకోమా స్టార్స్‌లో జుంగుల్, ప్రెకి. అటు డాలస్ సైడ్‌కిక్స్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు, బ్రెజిల్‌కు చెందిన టాటూ. 21,728 మంది చూడవచ్చారు. ఆ లీగ్‌లో ఒక మ్యాచ్‌కు అంతమంది మరెప్పుడూ రాలేదు. చివరిదాకా చేతిలో ఉన్నట్టే అనిపించిన ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. అక్కడ మార్క్ కార్పన్ కొట్టిన గోల్‌తో డాలస్ 4–3తో కప్ ఎగరేసుకుపోయింది. ఇండోర్‌లో ప్రెకికి దక్కకుండా పోయిన కప్పుల్లో ఇదే పెద్దది.

ఆ ఏళ్లలోనే అతని ముద్ర ఏర్పడింది. బంతి ఎప్పుడూ ఎడమ పాదానికి అంటుకునే ఉంటుంది. కుడివైపు నుంచి లోపలికి జరుగుతూ, ఎడమ కాలు వెనక్కి లాగి, షాట్ కొట్టబోతున్నట్టు కనిపిస్తాడు. డిఫెండర్ అడ్డుపడటానికి కాలు చాచిన క్షణంలో బంతిని అదే పాదంతో చిన్నగా కోసి పక్కకు తీస్తాడు. డిఫెండర్ లేచి మళ్లీ ఎదురొస్తే మళ్లీ అదే పని. ఇది అందరికీ తెలిసిన ఎత్తే, ఆపగలిగినవాళ్లే తక్కువ. కుడికాలు నిలబడటానికి తప్ప ఎక్కువగా వాడడు. హాకీ రింక్ వెడల్పులో ఇద్దరు మనుషుల మధ్య దొరికేది అర అడుగు చోటే. ఆ చోటులో షాట్ కొట్టడం అలవాటైనవాడికి పెద్ద మైదానంలో ఒక గజం దొరికితే అది విశాలమే.

1988–89 సీజన్‌లో ఎంఐఎస్ఎల్ అతన్ని అత్యుత్తమ ఆటగాడిగా ఎంచుకుంది. 1990లో సెయింట్ లూయిస్ స్టార్మ్‌కు మారి రెండు సీజన్లు ఆడాడు. 1992 వేసవిలో లీగే మూతపడింది. అప్పటికి అతనికి 29 ఏళ్లు. జట్టు లేదు, లీగ్ లేదు. ఇండోర్ ఆటగాళ్లలో చాలామంది కథ అక్కడితో చిన్న లీగుల్లోకి జారిపోయింది.

ఇంగ్లండ్‌లో మూడేళ్లు

ఎవర్టన్ మేనేజర్ హోవర్డ్ కెండల్ అతన్ని లివర్‌పూల్ నగరానికి రప్పించాడు. 1992–93 ప్రీమియర్ లీగ్ పేరుతో మొదలైన తొలి సీజన్. ఏడేళ్లుగా గోడల మధ్య ఆడుతున్న మనిషి నేరుగా ఆ లీగ్‌లో దిగడం అరుదైన సంగతి. రెండు సీజన్లలో 46 లీగ్ మ్యాచ్‌లు ఆడి 4 గోల్స్ వేశాడు, వాటిలో చాలా మ్యాచ్‌లకు బెంచీ నుంచి వచ్చాడు. అప్పటి ఎవర్టన్ కష్టాల్లో ఉన్న జట్టు. 1993 డిసెంబరులో కెండల్ తప్పుకొన్నాడు, ఆ సీజన్ చివరి రోజున క్లబ్ కింది డివిజన్‌కు పడిపోకుండా త్రుటిలో తప్పించుకుంది. 1994–95లో ప్రెకి రెండో శ్రేణిలోని పోర్ట్స్‌మత్‌కు ఆడాడు. వేసవుల్లో మళ్లీ అమెరికా వచ్చి, కాంటినెంటల్ ఇండోర్ సాకర్ లీగ్‌లో శాన్ హోసే గ్రిజ్లీస్ జట్టులో కనిపించేవాడు.

ఈ మూడేళ్లను వైఫల్యంగా రాసిపారేయడం సరికాదు. పొడవాటి పాస్‌ల కింద పరుగెత్తే ఆనాటి ఇంగ్లిష్ ఆటలో, బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఆలోచించేవాడికి పెద్దగా పని ఉండేది కాదు. అయినా 90 నిమిషాల ఆటకు కావలసిన దమ్ము, పెద్ద మైదానంలో ఎక్కడ నిలబడాలన్న లెక్క అతనికి అక్కడే పట్టుబడ్డాయి. తర్వాతి పదేళ్లు ఆ పెట్టుబడి మీదే నడిచాయి.

కన్సాస్ సిటీ రోజులు

1996లో ఎంఎల్ఎస్ మొదలైనప్పుడు కన్సాస్ సిటీ విజ్ అనే జట్టుకు కోచ్ రాన్ న్యూమన్. శాన్ డియేగో సాకర్స్‌తో పది ఇండోర్ టైటిళ్లు గెలిచిన ఆంగ్లేయుడు. ప్రెకిని ప్రత్యర్థిగా ఏళ్ల తరబడి చూసినవాడు కనుక అతనేం చేయగలడో ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. మరుసటి ఏడాది జట్టు పేరు విజర్డ్స్‌గా మారింది. ఇప్పటి స్పోర్టింగ్ కన్సాస్ సిటీ ఆ క్లబ్బే.

1997లో ప్రెకి 12 గోల్స్ కొట్టి 17 అసిస్ట్‌లు ఇచ్చాడు. గోల్‌కు రెండు, అసిస్ట్‌కు ఒకటి చొప్పున లెక్కించే అప్పటి పద్ధతిలో అవి 41 పాయింట్లు. లీగ్‌లో అవే అత్యధికం. అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా వచ్చింది. 2000లో బాబ్ గాన్స్లర్ కోచ్‌గా ఉన్న విజర్డ్స్ వాషింగ్టన్‌లోని ఆర్ఎఫ్‌కే స్టేడియంలో షికాగో ఫైర్‌ను 1–0తో ఓడించి ఎంఎల్ఎస్ కప్ గెలిచింది. ఆ గోల్ మిక్లోస్ మోల్నార్‌ది. దాన్ని కాపాడింది గోల్‌కీపర్ టోనీ మెయోలా. 2001లో ప్రెకి రే హడ్సన్ కోచింగ్‌లోని మయామి ఫ్యూజన్‌కు వెళ్లాడు. ఆ జట్టు ఆ ఏడు లీగ్ దశలో అందరికన్నా ముందు నిలిచింది. అయినా 2002 జనవరిలో లీగ్ ఆ క్లబ్‌ను మూసేసింది. కింద నేల కదలడం ప్రెకికి కొత్త కాదు. తిరిగి కన్సాస్ సిటీ చేరాడు.

2003 సీజన్‌లో మళ్లీ 12 గోల్స్, 17 అసిస్ట్‌లు, 41 పాయింట్లు. ఆరేళ్ల కిందట 34 ఏళ్ల మనిషి వేసిన అంకెలే ఇప్పుడు 40 ఏళ్లకు ఒక్కటి కూడా తగ్గకుండా వచ్చాయి. పాయింట్ల పట్టికలో మొదటి స్థానం, అత్యుత్తమ ఆటగాడి అవార్డు, రెండూ మరోసారి అతనివే. వేగం ఎన్నడూ అతని ప్రధాన ఆయుధం కాదు. వేగం మీద బతికే ఆటగాడికి 32 దాటగానే చిక్కులు మొదలవుతాయి. క్షణం ముందు చూసి, క్షణం ఆగి కొట్టేవాడికి వయసు అంత త్వరగా అడ్డురాదు. శరీరం పట్ల అతను పాటించిన కఠినమైన క్రమశిక్షణ ఆ పై లాభం.

2004లో గాయం వల్ల సీజన్ చాలావరకు పోయింది. అక్కడితో ఆపేస్తాడని అనుకున్నవాళ్లకు సమాధానంగా 2005లో తిరిగొచ్చి ఆడి, 42 ఏళ్ల వయసులో విరమించాడు. ఎంఎల్ఎస్‌లో అతని మొత్తం 79 గోల్స్, 112 అసిస్ట్‌లు. లీగ్ పదేళ్లు నిండిన సందర్భంగా 2005లో ఎంపిక చేసిన పదకొండు మంది జట్టులో అతని పేరుంది. 2010లో అమెరికా జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

జాతీయ జట్టులో

1996 అక్టోబరులో అమెరికా పౌరసత్వం రాగానే, 33 ఏళ్లకు, ప్రెకి జాతీయ జట్టులోకి వచ్చాడు. 2001 దాకా 28 మ్యాచ్‌లు ఆడి 4 గోల్స్ వేశాడు. అందులో ఒక్కటి చాలు, అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో అతని పేరు నిలవడానికి.

1998 ఫిబ్రవరి 10, లాస్ ఏంజెలిస్ మెమోరియల్ కొలీజియం, కాన్కకాఫ్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల ఫుట్‌బాల్ సమాఖ్య) గోల్డ్ కప్ సెమీఫైనల్. ఎదురుగా ప్రపంచ ఛాంపియన్ బ్రెజిల్, ముందు వరుసలో రొమారియో. అమెరికా గోల్‌కీపర్ కేసీ కెల్లర్ ఒకదాని తర్వాత ఒకటి షాట్లు ఆపుతూనే ఉన్నాడు. ఒకసారి రొమారియోనే వచ్చి అతనికి చేయి కలిపాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ప్రెకికి 65వ నిమిషంలో పెనాల్టీ ఏరియా బయట బంతి దొరికింది. ఎడమ పాదం, ఒక చిన్న జరుగు, డిఫెండర్ కాలు తీసేలోపే షాట్. బ్రెజిల్ గోల్‌కీపర్ టఫరెల్ చేతికి అందలేదు. టకోమాలో వందలసార్లు కొట్టిన షాటే అది. అమెరికా 1–0తో గెలిచింది. పురుషుల ఫుట్‌బాల్‌లో బ్రెజిల్ మీద ఆ దేశానికి దక్కిన విజయం ఇదొక్కటే. ఫైనల్లో మాత్రం మెక్సికో చేతిలో ఓడింది.

అదే ఏడాది ఫ్రాన్స్ ప్రపంచ కప్‌కు వెళ్లిన అమెరికా జట్టులో ప్రెకి ఉన్నాడు. డ్రా చూస్తే జర్మనీ, ఇరాన్‌లతో పాటు అదే గ్రూపులో యుగోస్లావియా. పుట్టిన దేశంతో అమెరికా తలపడింది జూన్ 25న, నాంత్ నగరంలో. ముందురోజే ప్రెకికి 35 నిండాయి. యుగోస్లావియా 1–0తో గెలిచింది. మూడు మ్యాచ్‌లూ ఓడి అమెరికా ఇంటిదారి పట్టింది.

కోచ్‌గా

విరమించిన వెంటనే, 2006లో, లాస్ ఏంజెలిస్ శివారు కార్సన్‌లోని చివాస్ యూఎస్ఏ క్లబ్‌లో బాబ్ బ్రాడ్లీకి సహాయకుడిగా చేరాడు. బ్రాడ్లీ జాతీయ జట్టు బాధ్యతలకు వెళ్లగానే 2007లో ప్రెకి ప్రధాన కోచ్ అయ్యాడు. అంటే బూట్లు విప్పిన రెండో సీజన్‌కే. గోల్‌లో బ్రాడ్ గూజన్, మధ్యలో జెస్సీ మార్ష్, సాషా క్లెస్టాన్, ముందు ఆంటె రాజోవ్, మైకెల్ గలిండో ఉన్న ఆ జట్టు 15 విజయాలు, 53 పాయింట్లతో పశ్చిమ విభాగంలో మొదటి స్థానం సాధించింది. ఉత్తమ కోచ్ అవార్డు దానికే. ప్లేఆఫ్స్‌లో మాత్రం మొదటి అడ్డంకే దాటలేదు. రెండు మ్యాచ్‌లు కలిపి ఒకే ఒక్క గోల్ తేడాతో ఓడింది, అదీ కన్సాస్ సిటీ చేతిలో. 2008లో రియల్ సాల్ట్ లేక్, 2009లో లాస్ ఏంజెలిస్ గెలాక్సీ అదే దశలో దారి మూశాయి.

మూడేళ్లూ ప్లేఆఫ్స్ చేరి మూడేళ్లూ మొదటి దశలోనే ఆగిపోవడాన్ని అతని లోపంగా చూసినవారున్నారు. కాని క్లబ్ చరిత్ర వేరే సంగతి చెబుతుంది. 2009 చివర్లో అతను వెళ్లాక చివాస్ యూఎస్ఏ మరెప్పుడూ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు, 2014తో మూతపడింది. జట్టుగా కుదురుగా నిలబడి, తేలిగ్గా గోల్స్ ఇవ్వకుండా, ఒక్క అవకాశాన్ని వాడుకోవడం అతని పద్ధతి. సొంత ఆటలో అంత కళ చూపించినవాడు కోచ్‌గా కట్టుదిట్టానికి పెద్దపీట వేయడం కొందరికి వింతగా తోచింది. ఇండోర్ ఎరిగినవారికి ఇందులో వింతేమీ లేదు. ఆరుగురే ఉన్న ఆటలో ఒక్కడు వెనక్కి రావడం మర్చిపోతే గోల్ పడినట్టే.

2010లో టొరంటో ఎఫ్‌సీకి వెళ్లాడు. ఆ ఏడు కెనడియన్ ఛాంపియన్‌షిప్ గెలిచినా, లీగ్‌లో జట్టు తడబడింది. సెప్టెంబరులో అతన్నీ, జనరల్ మేనేజర్ మో జాన్‌స్టన్‌నూ ఒకే రోజున తొలగించారు. ఆపైన ఎంఎల్ఎస్‌లో ప్రధాన కోచ్ పదవి అతనికి మళ్లీ రాలేదు.

అతని కోచింగ్‌లో అన్నిటికన్నా నిండైన అధ్యాయం మూడో శ్రేణిలో నడిచింది. కాలిఫోర్నియా రాజధానిలో కొత్తగా పుట్టిన శాక్రమెంటో రిపబ్లిక్ తన మొదటి కోచ్‌గా అతన్ని తీసుకుంది. 2014 ఏప్రిల్‌లో ఆ జట్టు సొంత ఊళ్లో ఆడిన తొలి మ్యాచ్‌కు 20,231 మంది వచ్చారు. యూఎస్ఎల్ ప్రో స్థాయి లీగ్‌కు అది ఊహకందని సంఖ్య. సెప్టెంబరు 27న అదే ఊళ్లో హారిస్‌బర్గ్ సిటీ ఐలాండర్స్‌ను 2–0తో ఓడించి, పుట్టిన ఏడాదే లీగ్ గెలిచింది. ఆటగాళ్లను ఒక్కొక్కరినీ వెతికి తెచ్చి, లేని జట్టును కట్టి, ఏడు నెలల్లో కప్ తెచ్చిన ఈ పని చివాస్‌లో వచ్చిన అవార్డు కన్నా గొప్పదే. 2015 మధ్యలో ఆ పదవి వదిలేశాడు. 2017లో సెయింట్ లూయిస్ ఎఫ్‌సీని నడిపించాడు. తను ఒకప్పుడు స్టార్మ్‌కు ఆడిన ఊరే అది, కాని అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు.

2018లో సియాటిల్ సౌండర్స్ ప్రధాన కోచ్ బ్రయన్ ష్మెట్జర్ అతన్ని సహాయకుడిగా పిలిచాడు. ష్మెట్జర్ కూడా ఇండోర్ తరం మనిషే, టకోమా స్టార్స్‌లో ప్రెకితో కలిసి ఆడినవాడు. టకోమా నుంచి సియాటిల్ కారులో గంట దూరం కూడా ఉండదు. 2019లో సౌండర్స్ టొరంటో ఎఫ్‌సీని 3–1తో ఓడించి ఎంఎల్ఎస్ కప్ గెలిచింది. 2022 మేలో మెక్సికోకు చెందిన పూమాస్‌ను రెండు మ్యాచ్‌ల మొత్తం మీద 5–2తో ఓడించి, కాన్కకాఫ్ ఛాంపియన్స్ లీగ్ గెలిచిన తొలి ఎంఎల్ఎస్ జట్టయింది. సొంత మైదానంలో జరిగిన రెండో మ్యాచ్ చూడ్డానికి 68,741 మంది వచ్చారు.

అదే బడిలో చదివిన ఇతరులు

ఇండోర్‌లో ఎదిగి కోచ్‌లుగా మారినవారు ఇంకా ఉన్నారు. డాలస్‌కు కప్ తెచ్చిన టాటూ అదే సైడ్‌కిక్స్‌కు ఆటగాడిగా ఉంటూనే కోచ్ అయ్యాడు. గోల్ కొట్టిన ప్రతిసారీ జెర్సీ విప్పి ప్రేక్షకుల్లోకి విసరడం అతని అలవాటు. కెనడాకు చెందిన హెక్టర్ మారినారో ఇండోర్‌లో వెయ్యికి పైగా గోల్స్ కొట్టి, ఆ ఆటలో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడిగా నిలిచాడు. తర్వాత క్లీవ్‌లాండ్ దగ్గరి జాన్ కారల్ విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్ అయ్యాడు. శాన్ డియేగో సాకర్స్‌కు ఆడిన బ్రయన్ క్విన్ ఎంఎల్ఎస్‌లో శాన్ హోసేను నడిపాడు. టకోమా స్టార్స్‌లో ఆడిన మరో ఆటగాడు డేల్ మిచెల్ 2007 నుంచి 2009 దాకా కెనడా జాతీయ జట్టు కోచ్.

గోల్స్ లెక్కలో మారినారో, జుంగుల్ ఇద్దరూ ప్రెకి కన్నా చాలా ముందున్నారు. ఇండోర్ చరిత్ర మాత్రమే రాస్తే మొదటి పేజీ వాళ్లదే. గోడల మధ్య నేర్చిన ఆటను ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కూ, ప్రపంచ కప్‌కూ, ఎంఎల్ఎస్ అత్యున్నత అవార్డులకూ తీసుకువెళ్లి, ఆ తర్వాత కోచ్ బెంచీ మీద కూడా గెలిచినవాడు మాత్రం వారందరిలో ప్రెకి ఒక్కడే.